తాడు ఒగ్గీమన్న మా అత్త

మొన్న మా మావయ్య ఫోన్ చేసి, చీపురుపల్లిలో తాత కొట్టు పడగొడుతున్నాం, అటక మీద నీ కాగితాలేవో ఉన్నాయి, వచ్చి పట్టుకుపో అన్నాడు. పన్నెండేళ్లు ఆ ఇంట్లో పెరిగిన మనిషిని పిలిచే పద్ధతి అదేనా అని అడిగాను. "సర్లేవే, వచ్చి కాఫీ తాగి పట్టుకుపో" అన్నాడు. వెళ్లాను. కాఫీ ఇచ్చారు, చల్లారినది. అటక మీంచి దింపిన రేకు డబ్బాలో నా మార్కుల కార్డులు, రెండు ఫోటోలు, వాటి అడుగున లావుపాటి కవరు ఒకటి ఉన్నాయి. కవరు మీద మా రాష్ట్ర రగ్బీ సంఘం వాళ్ల చిరునామా నా చేతిరాతలోనే ఉంది. స్టాంపు అంటించి ఉంది గానీ దాని మీద తపాలా ముద్ర లేదు. నా పందొమ్మిదో ఏట ఒక రిఫరీ మీద నాలుగు పేజీల ఫిర్యాదు రాసి, పోస్టు చేయమని తాత చేతికిచ్చాను. జవాబు రాలేదని ఆ సంఘాన్ని ఇన్నేళ్లూ తిట్టుకుంటూనే ఉన్నాను. సమావేశాల్లో ఆ ఆఫీసు వాళ్లు ఎదురైతే పలకరించేదాన్ని కాదు. ఇప్పుడు చూస్తే ఉత్తరం అసలు కొట్టు గడపే దాటలేదు. కవరు వెనక తాత పెన్సిలుతో రాసుకున్నాడు: "కోపంలో రాసింది. పది రోజులు ఆగి పంపవలెను." తాత వ్యాపారంలో కోపం ఉత్తరాలన్నిటికీ అదే పద్ధతి. లోపల నా తెలుగు కూడా దిద్దాడు. నేను 'ఏటి' అని రాసినచోటల్లా కొట్టేసి 'ఏమిటి' అని పెట్టాడు. సంఘం మీద ఉన్న కోపాన్ని ఆ పూటే తాత పేరుకి మార్చుకున్నాను. తాత పోయి నాలుగేళ్లయింది, అయినా సరే.

ఆ ఉత్తరం ఎందుకు రాయాల్సి వచ్చిందో చెప్పాలంటే ముందు నా రెండిళ్ల సంగతి చెప్పాలి. మా నాన్న కళింగపట్నం రేవు మనిషి, చేపల వేట వాళ్ల వృత్తి. మా అమ్మ చీపురుపల్లి సావుకారు కూతురు. వాళ్లిద్దరూ ఎలా కలిశారో, ఎలా పెళ్లి చేసుకున్నారో రెండు వైపులా రెండు కథలు చెప్తారు, రెండింట్లోనూ తప్పు అవతలి వాళ్లదే. నాకు ఆరేళ్లప్పుడు అమ్మ పోయింది. నాన్న గుజరాత్ బోట్ల మీదకి వెళ్లిపోయాడు, ఏడాదికోసారి వచ్చేవాడు. బడి ఉన్నన్నాళ్లూ నేను చీపురుపల్లిలో తాత దగ్గర, సెలవుల్లో కళింగపట్నంలో నాన్న అక్క దగ్గర ఉండాలని పెద్దలు తేల్చారు. నన్నెవరూ అడగలేదు.

చీపురుపల్లిలో కొట్టు ముందు, ఇల్లు వెనక. తెల్లవారకముందే తాత స్నానం చేసి, కొట్టు తలుపు ఒక రెక్క తీసి, సాంబ్రాణి పొగ తక్కెడ పళ్లాలకు చూపించి, బోణీ అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఇంగువ, కొత్త గోనె, పాత బెల్లం, ఎండుమిరపకాయల ఘాటు కలిసిన వాసన ఒకటి మా బట్టల్లోకీ, నోటు పుస్తకాల్లోకీ దిగిపోయి ఉండేది. సెలవులయ్యాక నేను కళింగపట్నం నుంచి వచ్చానంటే అమ్మమ్మ నన్ను గుమ్మంలోకి రానిచ్చేది కాదు. పెరటి నూతి దగ్గర కుంకుడు రసంతో రెండుసార్లు తలంటి, జడ విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. "ఇంకా వస్తన్నాదే" అని మూడోసారి రుద్దేది. ఆవిడ చేతులు మెత్తన, నన్ను ప్రేమగానే చూసేది, అది కూడా చెప్పాలి. కానీ కొట్టుకి వచ్చినవాళ్లు "ఎవరండీ ఈ పాప?" అని అడిగితే తాత తల ఎత్తకుండా "బంధువుల పిల్ల" అనేవాడు. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా మా మనవరాలు అనలేదు. అన్నాడేమో, నేను లేనప్పుడు అన్నాడేమో అని మావయ్య మొన్న అన్నాడు. నేను లేనప్పుడు అన్నది నాకెందుకు?

కళింగపట్నంలో ఇంకో రకం. వంశధార సముద్రంలో కలిసేచోట మా అత్త ఇల్లు. పొద్దున్నే గాలి ఎండు చేపల మీంచి వచ్చేది. వాకిట్లో వలలు, పక్కన తాళ్లు, తాళ్ల మీద పిల్లులు. అత్త గట్టి మనిషి. తెల్లారేసరికి గంప నెత్తినెట్టుకుని బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లి, చేపలమ్మి, పదకొండింటికి తిరిగొచ్చి, అప్పుడు అన్నం వండేది. ఆ అన్నం దగ్గర నాకు అవమానం. అందరికీ కూరలో చేప ముక్క వేసి, నాకు మాత్రం ముల్లు తీసి పెట్టేది. "సావుకారి మనవరాలివి, గొంతులో గుచ్చుకుంటాది" అనేది. తొమ్మిదేళ్లొచ్చినా తీసే పెట్టేది. నా కంటే చిన్నవాళ్లు తలకాయ ముక్కలు చప్పరిస్తూ నన్ను చూసి నవ్వేవాళ్లు. అలివి వల లాగేటప్పుడైతే అసలు దగ్గరికే రానిచ్చేవారు కాదు. అలివి వలంటే చాలా పెద్ద వల. పడవ మీద తీసుకెళ్లి సముద్రంలో అర్ధచంద్రంలా దింపి, రెండు చివర్ల తాళ్లు ఒడ్డుకి తెస్తారు. ఒక్కో తాడు దగ్గర పది పదిహేను మంది నిలబడి, వెనక్కి వాలి, అడుగులో అడుగు వెనక్కి వేస్తూ లాగుతారు. నా ఈడు గుంటలు, పిల్లలంతా మధ్యలో దూరి చెయ్యేసేవాళ్లు. నన్ను ఇసక మిట్ట మీద కూర్చోబెట్టేవారు. "నీకేటి తెల్సు, సేతులు తోలు లెగిసిపోతాది" అనేది అత్త. ఆ మిట్ట మీంచి చూసి నేను నేర్చుకున్నది ఒకటే: మనవాళ్లు పట్టిన తాడు వదలరు.

చీపురుపల్లి వాళ్లకి నేను రేవు పిల్లని, రేవు వాళ్లకి సావుకారి పిల్లని. విజయనగరం కాలేజీకి రైల్లో వెళ్లొచ్చే రోజుల్లో రగ్బీ దొరికినప్పుడు నేను అంత గట్టిగా పట్టుకున్నది అందుకే అనుకుంటాను. మా ఆటల మేడమ్ కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతి ఒకటి తెచ్చి, దీన్ని ముందుకి విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి, చేత పట్టుకుని ముందుకి పరిగెత్తాలి, అవతలివాళ్లు పట్టుకుని పడేస్తారు అని చెప్పింది. అమ్మాయిలంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నాకు బంతి పట్టడం మొదటి రోజే వచ్చేసింది. అటక మీంచి మావయ్య బెల్లం అచ్చులు విసిరితే కింద తాత తల తిప్పకుండా పట్టేవాడు, తర్వాత ఆ పని నాకు పడింది. అచ్చు చేతిలో పడేటప్పుడు చేతుల్ని కొంచెం వెనక్కి తీసుకుంటే చప్పుడుండదు. తాత నాకు ప్రేమతో నేర్పింది కాదు, అచ్చు విరిగితే తిడతాడని నేర్చుకున్నది. ఇక పడదోస్తే పడకుండా వెనక్కి వాలి నిలబడటం, పడ్డా పట్టు విడవకపోవడం రేవు నుంచి వచ్చిందని నా గట్టి నమ్మకం.

రెండేళ్లలో రాష్ట్ర జట్టులోకి వచ్చాను. అక్కడ దక్షిణం జిల్లాల అమ్మాయిలు నేను నోరు తెరిస్తే చాలు "ఏటి, ఏటి" అని వెక్కిరించేవాళ్లు. వాళ్ల పేర్లు నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి, ఇక్కడ రాయను. ఒక పోటీలో నన్ను చూసి భువనేశ్వర్‌లో ఒక క్లబ్బు వాళ్లు పిలిచారు. ఆడినందుకు నెలనెలా జీతం, తిండి, వసతి. ఆ రోజుల్లో ఆడపిల్లకి రగ్బీ ఆడితే జీతమా అని మా కాలేజీలోనే నమ్మలేదు. కాకపోతే మూడు నెలలు చూసి, నచ్చితేనే ఉంచుకుంటామన్నారు. నచ్చకపోతే నేను సంచి సర్దుకుని ఏ ఇంటికి వెళ్లాలో నాకే తెలీదు. డిగ్రీ మధ్యలో మానేశాను కాబట్టి చీపురుపల్లిలో ఉండే కారణం పోయింది. సెలవులకి మాత్రమే వెళ్లే కళింగపట్నంలో ఎప్పటికీ ఉంటానంటే ఏమంటారో అడిగే ధైర్యం లేదు.

క్లబ్బులో కోచ్ బరంపురం ఆవిడ, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. మొదటి నెల బాగానే ఉంది. రెండో నెల నుంచి నా మీద విజిళ్లు మొదలయ్యాయి. రగ్బీలో ఒక రూలుంది. నిన్ను పట్టుకుని నేల మీద పడేశారంటే బంతి వెంటనే వదిలేయాలి, నిలబడి ఉన్నవాళ్లు ఎవరైనా తీసుకోవచ్చు. పడ్డాక కూడా కావలించుకుని ఉంటే తప్పు, బంతి అవతలి జట్టుకి పోతుంది. నేను పడేదాన్ని, బంతి నా పొట్ట కింద ఉండేది, ఇద్దరు ముగ్గురు లాగినా వచ్చేది కాదు. విజిల్. ఒక ఆటలో ఒక రిఫరీ నా మీదే ఐదుసార్లు ఊదాడు. మేం ఓడిపోయాం. కోచ్ నన్ను పక్కకి పిలిచారు.

"ఎందుకమ్మా వదలవు?"

"నేను పట్టుకున్నది మేడమ్. వాళ్లకెందుకివ్వాలి?"

"వాళ్లకి కాదు, మనవాళ్లకి. నీ వెనక జ్యోత్స్న ఉంటుంది కదా, తీసుకుంటుంది."

"తీసుకోకపోతే?"

"చూడు, ఆటలో నీ బలం నాకు నచ్చింది. నీ మొండితనం నచ్చలేదు. వచ్చే ఆదివారం ఆటలో దీని మీద ఒక్క విజిల్ పడినా సామాను సర్దుకో. మూడు రోజులు ఇంటికి పోయి ఆలోచించుకుని రా."

ఇంటికట. ఏ ఇంటికో ఆవిడకేం తెలుసు. రైలు దారిలో ముందొచ్చేది ఆమదాలవలస అయినా, అక్కడ దిగకుండా చీపురుపల్లి వెళ్లాను. తాత బోణీ కోసం కూర్చుని ఉన్నాడు, పలకలేదు. నేను వెనక గదిలో కూర్చుని నాలుగు పేజీలు రాశాను. ఆ రిఫరీ ఆంధ్రా వాళ్లంటే పడనివాడని, నా మీద పగబట్టాడని, అతన్ని మార్చకపోతే ఊరుకోనని. బోణీ అయ్యాక కవరు చేతికిస్తే తాత కళ్లజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇంతమంది మీద కోపం ఎలా మోస్తున్నావమ్మా?" అన్నాడు. "మీ ఇంట్లోనే నేర్చుకున్నాను తాతా" అన్నాను. ఆయన కవరు బల్ల సొరుగులో పెట్టాడు. పోస్టాఫీసు తెరవగానే వేస్తాడనుకున్నాను. అమ్మమ్మ కొబ్బరి పచ్చడితో అన్నం పెట్టి, ఎన్నాళ్లుంటావు అని అడిగింది. ప్రేమతోనే అడిగిందేమో. నాకు మాత్రం ఎప్పుడు పోతావు అన్నట్టు వినిపించింది. మర్నాడు పొద్దున్నే బండెక్కి ఆమదాలవలసలో దిగి, రెండు బస్సులు మారి కళింగపట్నం చేరాను.

అత్త వాకిట్లో గంప కడుగుతోంది. నన్ను చూసి గంప వదిలేసి లేచింది.

"ఒసే గుంటా, ఏటే ఇలగ సిక్కిపోనావు? ఆ ఒరిస్సావోలు కూడెట్టరా?"

"పెడతారు గానీ, అత్తా, రేపు నన్ను తాడు దగ్గర నిలబెట్టు."

"నువ్వా? సేతులు తోలు..."

"లెగిసిపోతాది. తెల్సు. పదేళ్ల బట్టి ఇదే మాట. తోలు నాది కదా, లెగిస్తే లెగనీ."

"నోరు సూడు దీనిది! సావుకారి కొట్లో మాటలు కూడా అమ్ముతారేటే?" అని నవ్వింది. కానీ ఈసారి కాదనలేదు.

మర్నాడు పొద్దున్న పడవ వల దింపి వచ్చాక నన్ను తాడు మధ్యలో నిలబెట్టారు. తడి తాడు ఇంత బరువుంటుందని మిట్ట మీంచి ఎప్పుడూ తెలియలేదు. నడుం వాల్చి, మడమలు ఇసకలో గుచ్చి, అందరితో పాటు వెనక్కి వెనక్కి నడిచాను. నిజంగానే అరచేతుల తోలు లేచింది, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అలా నడిచి నడిచి ఇసక పైభాగంలో తాడు చుట్ట చుడుతున్న సూరి మావ దగ్గరికి చేరాను. ఆయన "ఒగ్గీ, ఒగ్గీ" అన్నాడు. ఒగ్గీ అంటే మా వైపు వదిలేయమని. నేనింకా గట్టిగా పట్టుకున్నాను. ఆయన మళ్లీ అరిచాడు. నేను వదల్లేదు. నా ముందున్నామె వెనక్కి వచ్చి నా మీద పడింది, ఆమె మీద ఇంకొకామె, చివరికి ముగ్గురం తాడు చుట్ట మీద పడ్డాం. ఒడ్డంతా నవ్వు.

"ఓలమ్మా! తాడు నీ ఒక్కదానిదేటే?" అని అత్త నీటి దగ్గర్నుంచి కేకేసింది. "నువ్వు ఒగ్గకపోతే నీ మీదకొచ్చినోలు ఎటెల్తారు? ఇక్కడ నీటి కాడ సెయ్యి ఎవులేస్తారు?"

"పట్టింది ఒగ్గకూడదు కదా అత్తా!"

"ఎవులు సెప్పినారే నీకు?"

"ఎవరూ చెప్పలేదు. అదిగో, ఆ మిట్ట మీంచి సూసి నేర్సుకున్నాను. దగ్గరికి రానిచ్చినారేటి మీరు?"

దూరం నుంచి చూస్తే తాడు పొడుగునా ఎప్పుడూ మనుషులు నిండుగా కనిపిస్తారు, ఎవరూ వదిలినట్టే ఉండదు. నిజానికి పైకి చేరినవాళ్లు వదిలేసి, కిందకి పరిగెత్తి, నీళ్ల అంచున మళ్లీ కొత్తగా పట్టుకుంటారు. వదలడం, పరిగెత్తడం, పట్టుకోవడం, మూడూ కలిస్తేనే వల వస్తుంది. అత్త పైకి నడిచి వచ్చింది, నా అరచేతులు తిప్పి చూసింది, చీర కొంగు తడిపి అద్దింది.

"నిజమేనే. రానివ్వలేదు. మీ యమ్మ పోయినాక నీకేటైనా అయితే ఆ సావుకారికి ఏటి సెప్పాలో అని భయం నాకు."

నేను ఎన్నో ఏళ్లుగా తయారుగా పెట్టుకున్న జవాబులున్నాయి. వాటిని తర్వాతకి దాచుకున్నాను. "ఎల్లు, నీటి కాడికి ఎల్లు" అని ఆవిడే తోసింది. ఆ పూట వల ఒడ్డుకొచ్చేసరికి ఎన్నిసార్లు వదిలానో, ఎన్నిసార్లు పరిగెత్తానో లెక్కలేదు. మధ్యాహ్నం కూరలో నా ముక్క ముల్లుతోనే వేసింది. గుచ్చుకుంది కూడా.

ఆదివారం ఆటకి అదే రిఫరీ వచ్చాడు. నా ఉత్తరం వాళ్లకి ఇంకా చేరలేదు కాబోలు అనుకున్నాను. మొదట్లోనే నన్ను ఇద్దరు కలిపి పడేశారు. బంతి పొట్ట కిందకి వచ్చింది, చేతులు వాటంతట అవే బిగుసుకున్నాయి. అరచేతుల పుండ్లు చురుక్కుమన్నాయి. ఒగ్గీ అని నాకు నేనే పైకి అరిచాను. ఎవరికీ అర్థం కాలేదు, పక్కనున్న అవతలి అమ్మాయి బెదిరింది. బంతిని మా వైపు నెట్టి చేతులు తీసేశాను. విజిల్ వస్తుందని కళ్లు మూసుకున్నాను. రాలేదు. కళ్లు తెరిస్తే జ్యోత్స్న బంతితో పది గజాలు దాటిపోయింది. నేను లేచి, ఆమె వెనక పరిగెత్తి, పక్కన చేరి, మళ్లీ అందుకున్నాను. మళ్లీ పడ్డాను, మళ్లీ వదిలాను. చివర్లో బంతితో అవతలి గీత దాటి మమ్మల్ని గెలిపించింది నేను కాదు, జ్యోత్స్న. ఆమెను భుజాల మీద ఎత్తారు. నన్నెత్తలేదు, అది నాకు గుర్తుంది. కానీ ఆ బంతి ఎవరి చేతుల్లోంచి వెళ్లిందో కోచ్ చూశారు. "ఈ రోజు నీ మీద ఒక్క విజిల్ కూడా లేదు" అన్నారు. అదే రిఫరీ కదా, మరి పగ లేనట్టేనా అని మా వాళ్లు అడిగారు. దాని గురించి నేనింకా ఆలోచిస్తున్నాను.

తర్వాత ఎనిమిదేళ్లు ఆడాను. ఒక మోకాలు, ఒక భుజం ఇచ్చేశాను. ఇప్పుడు విజయనగరంలో ఆడపిల్లలకి నేర్పుతున్నాను. మాకు ఒక్కటే బంతి ఉండేది, దాన్ని రాత్రి గాలి తీసి దాచేవాళ్లం. వీళ్లకి సంచినిండా ఉన్నాయి. మమ్మల్ని చూసి గోడ మీంచి ఈలలు వేసేవాళ్లు. వీళ్లని అమ్మలే స్కూటీల మీద దింపి, నీళ్ల సీసాలు చేతికిచ్చి, అరుస్తూ చూస్తారు. కళింగపట్నంలో అలివి వల లాగడానికి మనుషులు తగ్గారు, అత్త మోకాళ్లూ నా మోకాళ్లలాగే అయ్యాయి. అయినా ఏడాదికోసారి మా పిల్లల్ని తీసుకెళ్లి ఆ తాడు పట్టిస్తాను. నేను ఊరుకున్నా అత్త ఊరుకోదు, మిట్ట మీద ఎవరైనా కూర్చుంటే లేపి తోస్తుంది. అన్నీ బాగుపడ్డాయని అనను. గ్రౌండులో నీళ్లు నిలిచే సంగతి మీద నేను రాసిన అర్జీలు ఇంకా తిరుగుతున్నాయి. కానీ ఏ ఇంటి పిల్లవే అని వీళ్లని అడిగే ముందు ఎంత బాగా పరిగెత్తుతావే అని అడుగుతున్నారు. నా రోజులతో పోలిస్తే అది చిన్న మార్పు కాదు.

ఆ ఆదివారం ఆట అయ్యాక క్లబ్బు గుమస్తా నా చేత పక్కా కాగితాలు నింపించాడు. సొంత ఊరు అన్నచోట కళింగపట్నం అని రాశాను. పక్కనే చీపురుపల్లి అని కూడా రాశాను. ఊరు ఒక్కటే రాయాలమ్మా, ఒకటి కొట్టేయండి అన్నాడు. కొట్టేయనన్నాను. గడిలో పట్టదన్నాడు. చిన్న అక్షరాలు రాస్తానన్నాను. అరగంట వాదించాను, అతను నీరసంగా సంతకం పెట్టించుకున్నాడు. తర్వాతి పోటీలో మైకులో నా పేరు చదివి, "కళింగపట్నం చీపురుపల్లి" అని ఒకే ఊరిలా గుక్కతిప్పుకోకుండా చెప్పారు. ఎనిమిదేళ్లూ అన్ని మైదానాల్లోనూ అలాగే చదివారు. ఈ విషయంలో మాత్రం నేను ఫిర్యాదు చేయలేదు. ఇప్పటికీ ఒడియా స్నేహితులెవరైనా ఈ వైపు వస్తే ఫోన్ చేసి ఆ ఊరు ఎక్కడ, ఎలా రావాలి అని అడుగుతారు. రైలు దిగాక బస్సు కూడా ఎక్కాలి, కాస్త పెద్ద ఊరు అని చెప్తాను.